పురుగులకు టీకా ఎందుకు రాలేదు? చిట్టెలుక చెప్పిన సాక్ష్యం

పిల్లవాడు అన్నం తిన్నా ఒంటికి పట్టడం లేదు. పొట్ట ముందుకు వచ్చింది, ముఖం పాలిపోయింది, మట్టి తినే అలవాటు మానడం లేదు. తల్లి వైద్యుని ఎదుట కూర్చుని ఈ లక్షణాలన్నీ చెప్పి చివరకు ఒక ప్రశ్న అడుగుతుంది: “అయ్యా, పోలియోకు చుక్కలున్నాయి, తట్టుకు సూది ఉంది. ఈ కడుపులో పురుగులకు మాత్రం టీకా ఎందుకు లేదు? ఆరు నెలలకొకసారి మాత్ర వేయిస్తూనే ఉన్నాం. మళ్ళీ వస్తూనే ఉన్నాయి.”

ఇది తేలికగా తీసివేయదగిన ప్రశ్న కాదు. నేటి వరకు మనిషికి సోకే ఏ పురుగుకూ వాడుకలో ఉన్న టీకా ఒక్కటి కూడా లేదు. ప్రయత్నం లేక కాదు. అర్ధశతాబ్దికి పైగా శాస్త్రజ్ఞులు దీనికోసం శ్రమిస్తున్నారు. ఆ శ్రమలో అధికభాగం ప్రయోగశాలలలో, చిట్టెలుకల బోనుల నడుమ సాగింది. ఆ మూగజీవులు ఏమి చెప్పాయి, ఏమి చెప్పలేకపోయాయి అన్నది తెలుసుకుంటే తల్లి ప్రశ్నకు సమాధానం దొరుకుతుంది. మన పెరటి మూలికలను ఏ తక్కెడలో తూచాలో కూడా తెలుస్తుంది.

చరకుడు చూపిన మూడు మార్గాలు

చరకసంహిత విమానస్థానంలోని 7వ అధ్యాయం క్రిమిరోగ చికిత్సను మూడు భాగాలుగా విభజించింది. మొదటిది అపకర్షణం, అనగా శరీరంలో చేరిన క్రిములను బయటకు తీసివేయడం. రెండవది ప్రకృతివిఘాతం, అనగా క్రిములు బ్రతకడానికి, పెరగడానికి అనుకూలించే స్థితిని చెడగొట్టడం. మూడవది నిదాన పరివర్జనం, అనగా అవి రావడానికి కారణమైనదాన్ని విడిచిపెట్టడం. చికిత్సకు ముందు రోగికి పాలు, బెల్లం, నువ్వులు వంటివి పెట్టి, క్రిములను కోష్ఠంలోకి ఆకర్షించి, ఆ పిమ్మట శోధన చికిత్స చేయాలన్న సూక్ష్మ వివరం కూడా అక్కడ కలదు.

ఈ మూడు మాటలను మనసులో ఉంచుకుంటే నేటి పరిశోధనలను అర్థం చేసుకోవడం సులభం. పురుగుల మాత్ర అపకర్షణం చేస్తుంది. టీకా కోసం వెతికేవారు కోరేది ఒక విధమైన ప్రకృతివిఘాతం: పురుగు లోపలికి వచ్చినా నిలవలేని స్థితిని శరీరమే కల్పించాలని వారి ఆశ. ఇది పోలిక మాత్రమే. చరకుడు టీకాను ఊహించాడని చెప్పడం మా ఉద్దేశం కాదు. ఇక మూడవ మార్గం ప్రయోగశాలలో దొరికేది కాదు. అది మన ఇంటి గడప దగ్గర, మరుగుదొడ్డి దగ్గర, చేతిగోళ్ళ దగ్గర ఉన్నది.

చిట్టెలుకే ఎందుకు?

మనిషి కడుపులోని ఏలికపాములు, కొంకిపురుగులు చిట్టెలుకలో సరిగా పెరగవు. అందువలన శాస్త్రజ్ఞులు రెండు దారులు పట్టారు. ఒకటి, ఎలుకలకు సహజంగా సోకే పురుగులనే తీసుకుని, వాటిని మనిషి పురుగులకు ప్రతినిధులుగా భావించి పరిశీలించడం. రెండు, మనిషికి సోకే పురుగులలో ఎలుకలోనూ పెరిగేదాన్ని వెతికి పట్టడం.

మొదటి దారిలో మూడు పురుగులు ప్రసిద్ధమైనవి. హెలిగ్మోసోమాయిడిస్ అనే పురుగు ఎర్రగా, చుట్ట చుట్టుకుని ఎలుక చిన్నప్రేగు మొదటి భాగంలో నెలల తరబడి నివసిస్తుంది. నిప్పోస్ట్రాంగిలస్ అనే పురుగును మాత్రం ఆరోగ్యమైన ఎలుక సుమారు 10 రోజులలో తానే బయటకు నెట్టివేస్తుంది. మూడవది ట్రైకురిస్ మ్యూరిస్, అనగా ఎలుకకు వచ్చే కొరడా పురుగు.

ఈ మూడింటి మధ్య తేడాలను పరిశీలించడం వలన ఒక ముఖ్య రహస్యం బయటపడింది. సూక్ష్మక్రిమిని శరీరం మ్రింగి చంపగలదు. పురుగు అంత చిన్నది కాదు కనుక దానిని మ్రింగలేదు. అప్పుడు శరీరం వేరొక ఉపాయం పన్నుతుంది. ప్రేగు గోడలోని కణాలు శ్లేష్మాన్ని విస్తారంగా స్రవిస్తాయి. ప్రేగులోకి నీరు చేరుతుంది. ప్రేగు కండరాల కదలిక పెరుగుతుంది. పురుగు పట్టు తప్పి కొట్టుకుపోతుంది. ఇంటర్‌ల్యూకిన్ 4, ఇంటర్‌ల్యూకిన్ 13 అనే సంకేత ద్రవ్యాలు ఈ పనికి ఆజ్ఞ ఇస్తాయని చిట్టెలుకలలోనే స్పష్టపడింది.

కొరడా పురుగు మరొక పాఠం నేర్పింది. కొన్ని జాతుల ఎలుకలకు ఒకేసారి వందల గుడ్లు తినిపిస్తే వాటి శరీరం మేల్కొని పురుగులన్నిటినీ వెళ్ళగొడుతుంది. అదే ఎలుకలకు కొద్ది గుడ్లు మాత్రమే తినిపిస్తే శరీరం తప్పుదారి పట్టి, పురుగులు స్థిరనివాసం ఏర్పరచుకుంటాయి. మన వీధులలో మట్టిలో ఆడే పిల్లవాని కడుపులోకి గుడ్లు ఒక్కసారిగా వందలుగా చేరవు. రోజుకు కొన్ని చొప్పున చేరుతూ ఉంటాయి. పురుగు ఎంత నిశ్శబ్దంగా కాపురం పెడుతుందో ఈ ప్రయోగం వలన ఊహించవచ్చు.

పిడికెడు మట్టి, ఒక చిట్టెలుక

మందుల విషయంలో చిట్టెలుక చేసిన మేలు సామాన్యమైనది కాదు. 1970వ దశకం ఆరంభంలో జపాన్ శాస్త్రజ్ఞుడు సతోషి ఒమురా కవానా అనే చోట గోల్ఫ్ మైదానం సమీపంలోని మట్టిని సేకరించారు. టోక్యోలోని కిటసాటో సంస్థలో ఆ మట్టి నుండి వేరుచేసిన సూక్ష్మజీవిని, మరికొన్ని సూక్ష్మజీవులతో కలిపి అమెరికాలోని మెర్క్ సంస్థకు పంపారు. అక్కడ విలియం క్యాంప్‌బెల్ బృందం ఒక్కొక్క సూక్ష్మజీవిని పులియబెట్టి, ఆ ద్రవాన్ని మేతలో కలిపి చిట్టెలుకలకు తినిపించింది. ఆ ఎలుకల ప్రేగులలో ముందుగానే హెలిగ్మోసోమాయిడిస్ పురుగులు ఉన్నాయి. ఆనాడు దానిని నెమటోస్పైరాయిడిస్ అని పిలిచేవారు.

1975లో ఒక నమూనా తిన్న ఎలుక ప్రేగులో పురుగులు కనబడలేదు. ఆ నమూనా కవానా మట్టిదే. దానిలోని సూక్ష్మజీవికి స్ట్రెప్టోమైసిస్ అవెర్మిటిలిస్ అని పేరు పెట్టారు. దాని నుండి వచ్చిన మందు ఐవర్‌మెక్టిన్ 1981లో పశువులకు, 1987లో మనుషులకు వాడుకలోకి వచ్చింది. ఆఫ్రికాలో నదీతీర గ్రామాలను గ్రుడ్డివిగా చేసిన ఆంకోసెర్కా వ్యాధికి ఈ మందును ఉచితంగా ఇస్తామని మెర్క్ సంస్థ అదే 1987లో ప్రకటించింది. 2015లో క్యాంప్‌బెల్, ఒమురాలకు నోబెల్ బహుమతి లభించింది. అదే బహుమతిలో మిగిలిన సగాన్ని చైనా సంప్రదాయ వైద్యగ్రంథాల ఆధారంతో మాచిపత్రి జాతి మొక్క నుండి మలేరియా మందును వెలికితీసిన తూ యూయూ అందుకున్నారు. మన దేశంలో కూడా 2018 నుండి కొన్ని జిల్లాలలో బోదకాలు నివారణకు డి.ఇ.సి., ఆల్బెండజోల్ మాత్రలతో పాటు ఐవర్‌మెక్టిన్ కలిపి ఇస్తున్నారు.

అపకర్షణం అనే మొదటి మార్గంలో చిట్టెలుక సాక్ష్యం ఇంత గొప్పగా ఫలించింది. అయితే పెద్ద పురుగు చావడం, తిరిగి రాకుండా ఉండడం అనేవి రెండు వేర్వేరు విషయాలు.

మాత్ర పనిచేస్తుంది, కాపలా కాయదు

2015 నుండి మన దేశంలో ప్రతి సంవత్సరం ఫిబ్రవరి 10న జాతీయ నులిపురుగుల నివారణ దినోత్సవం జరుపుతున్నారు. 1 నుండి 19 సంవత్సరాల వయసు వారికి ఆల్బెండజోల్ మాత్ర ఇస్తారు. 2 సంవత్సరాలు దాటినవారికి 400 మిల్లీగ్రాములు, అంతకంటె చిన్నవారికి అందులో సగం. ఏలికపాములపై ఒక్క మోతాదు చక్కగా పనిచేస్తుంది. కొంకిపురుగులపై ఫరవాలేదు. కొరడా పురుగుపై మాత్రం దాని ప్రభావం స్వల్పం.

కాని మాత్ర ప్రభావం ఒకటి రెండు రోజులకు మించి శరీరంలో నిలవదు. అనేక దేశాల అధ్యయనాలను కలిపి 2012లో ప్రచురించిన ఒక సమీక్ష ప్రకారం, చికిత్స జరిగిన 12 నెలలకు ఏలికపాముల వ్యాప్తి పూర్వస్థితిలో సుమారు 94 శాతానికి, కొరడా పురుగుల వ్యాప్తి 82 శాతానికి, కొంకిపురుగుల వ్యాప్తి 57 శాతానికి తిరిగి చేరింది. కారణం విచిత్రమైనది కాదు. ఒక ఆడ ఏలికపాము రోజుకు సుమారు 2 లక్షల గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు మట్టిలో సంవత్సరాల పాటు జీవించగలవు. పిల్లవాని కడుపు శుభ్రపడినా అతడు ఆడుకునే మట్టి శుభ్రపడలేదు.

ఇక్కడ చిట్టెలుక ఆశ్చర్యకరమైన సంగతి చూపింది. హెలిగ్మోసోమాయిడిస్ సోకిన ఎలుకకు మందిచ్చి పురుగులను తొలగించి, కొంతకాలం తరువాత మళ్ళీ పురుగులను ఎక్కిస్తే, ఈసారి ఎలుక శరీరం వాటిని గట్టిగా ఎదిరిస్తుంది. మొదటిసారి మోసపోయిన శరీరం రెండవసారి మేల్కొంటుంది. మనిషిలో అటువంటి బలమైన మేల్కొలుపు మాత్ర వలన రావడం లేదు. ఆ మేల్కొలుపును టీకా ద్వారా కలిగించలేమా అన్న ఆలోచనే తరువాతి పరిశోధనలకు మూలం.

ఎలుకలలో టీకా విజయాలు

హెలిగ్మోసోమాయిడిస్ పురుగు ప్రేగులో ఉంటూ కొన్ని మాంసకృత్తులను స్రవిస్తుంది. వాటితోనే అది ఎలుక రోగనిరోధక శక్తిని జోకొట్టి నిద్రపుచ్చుతుంది. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో రిక్ మైజెల్స్ బృందం ఆ స్రావాలనే సేకరించి, టీకాగా ఎలుకలకు ఇచ్చి, తరువాత పురుగులను ఎక్కించింది. టీకా పొందిన ఎలుకలలో పురుగులు నిలవలేకపోయాయి. పురుగు ఆయుధాన్నే ముందుగా చూపి శరీరాన్ని హెచ్చరించడం ఇందులోని కిటుకు.

రెండవ దారిలో, అనగా మనిషి పురుగునే ఎలుకలో పెంచే దారిలో, షిస్టోసోమా మాన్సొనై అనే రక్తనాళాల పురుగు ముఖ్యమైనది. ఇది మన ప్రాంతపు జబ్బు కాదు. ఆఫ్రికాలోను, బ్రెజిల్‌లోను పేదవారిని పీడిస్తున్నది. నత్తల నుండి నీటిలోకి వచ్చే దీని డింభకాలు చర్మాన్ని తొలుచుకుని లోపలికి వెళ్ళి, ఊపిరితిత్తుల మీదుగా కాలేయపు రక్తనాళాలను చేరతాయి. ఎలుకలోనూ ఇవి ఇదే మార్గంలో ప్రయాణించి పెద్దవి అవుతాయి కనుక టీకా ప్రయోగాలకు ఇది అనువైనది.

ఈ డింభకాలపై కిరణాలు ప్రసరింపజేసి బలహీనపరచి ఎలుక చర్మం ద్వారా ఎక్కిస్తే, అవి పెద్దవి కాలేక మధ్యలోనే నశిస్తాయి. కాని ఆ కొద్దికాలంలోనే ఎలుక శరీరానికి శత్రువును పరిచయం చేసి పోతాయి. తరువాత ఆరోగ్యమైన డింభకాలను ఎక్కించినప్పుడు, టీకా లేని ఎలుకలతో పోల్చితే ఈ ఎలుకలలో పురుగుల సంఖ్య 60 నుండి 70 శాతం వరకు తగ్గింది. ఈ ఫలితం అనేక ప్రయోగశాలలలో పదేపదే కనబడింది. మనిషికి కూడా టీకా సాధ్యమే అన్న విశ్వాసం దీనివలన బలపడింది.

ఆ పురుగుకు ఉన్న మందు ప్రాజిక్వాంటెల్. 1970వ దశకంలో జర్మన్ సంస్థలు దీనిని కనుగొన్నాయి. ఇది పెద్ద పురుగులను చంపుతుంది, పసి పురుగులను అంతగా తాకదు. మలేరియాకు వాడే ఆర్టిమెథర్ దీనికి విపరీతం. పసి పురుగులపై దాని పట్టు ఎక్కువ. ఏ వయసు పురుగుపై ఏ మందు పనిచేస్తుందో తేల్చడానికి కూడా చిట్టెలుకే ఆధారమయింది.

ఎలుకలో గెలిచి, మనిషి ముంగిట ఆగినవి

ఇంత చక్కని ఫలితాలు ఉండగా టీకా ఎందుకు రాలేదు? ఇక్కడే అసలు పాఠం ఉన్నది.

1990వ దశకం మధ్యలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పర్యవేక్షణలో షిస్టోసోమా పురుగు నుండి తీసిన 6 మాంసకృత్తులను ఎంపిక చేసి, స్వతంత్రమైన ప్రయోగశాలలలో ఎలుకలపై పరీక్షింపజేశారు. కనీసం 40 శాతం రక్షణ నిలకడగా రావాలన్నది లక్ష్యం. ఏ ఒక్కటీ ఆ లక్ష్యాన్ని నిలకడగా అందుకోలేదు. ఒక ప్రయోగశాలలో వచ్చిన ఫలితం మరొక చోట రాకపోవడం ఆనాటి శాస్త్రజ్ఞులకు పెద్ద హెచ్చరిక.

అంతకంటె సూక్ష్మమైన సందేహం తరువాత తలెత్తింది. ఏ టీకా ఇవ్వని ఎలుకలో కూడా, చర్మం ద్వారా ప్రవేశించిన డింభకాలలో సుమారు మూడవ వంతు మాత్రమే పెద్ద పురుగులు అవుతాయి. మిగిలినవి ఊపిరితిత్తుల సన్నని రక్తనాళాలను దాటలేక దారితప్పి నశిస్తాయి. అనగా ఎలుక ఊపిరితిత్తులే సహజమైన అడ్డుగోడ. ఆ ఊపిరితిత్తులలో కొద్దిపాటి వాపు వచ్చినా మరికొన్ని డింభకాలు దారితప్పుతాయి. అది చూసి టీకా రక్షించిందని పొరపడే అవకాశం ఉన్నదని 2016లో కొందరు నిపుణులు స్పష్టంగా హెచ్చరించారు.

ఫ్రాన్స్ శాస్త్రజ్ఞులు రూపొందించిన బిల్వాక్స్ అనే టీకా ఇంకా ముందుకు వెళ్ళింది. జంతువులలో ఆశ కలిగించి, మనుషులలో నిరపాయమని తేలి, చివరకు సెనెగల్ దేశంలో 250 మంది పిల్లలపై మూడవ దశ పరీక్ష వరకు చేరింది. 2018లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం, టీకా వలన శరీరంలో ప్రతిరక్షకాలు ఏర్పడ్డాయి గాని, వ్యాధి తిరిగి రావడాన్ని తగినంతగా ఆపలేదు.

కొంకిపురుగు టీకా కథ ఇంకా గంభీరమైనది. పురుగు డింభకం స్రవించే ఒక మాంసకృత్తుతో తయారైన టీకా, పురుగులు ఎన్నడూ సోకనివారికి ఇచ్చినప్పుడు పెద్ద ఇబ్బంది కలగలేదు. బ్రెజిల్‌లో కొంకిపురుగులు విస్తారంగా ఉన్న ప్రాంతంలో పెద్దలకు ఇవ్వగానే కొందరికి ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి. పూర్వం పురుగులు సోకడం వలన వారి శరీరంలో ఆ మాంసకృత్తుకు వ్యతిరేకంగా అలర్జీ కలిగించే ప్రతిరక్షకాలు ముందే సిద్ధంగా ఉన్నాయి. పరీక్షను వెంటనే నిలిపివేశారు.

ఈ సంఘటనను ఒక్క క్షణం ఆలోచించండి. ప్రయోగశాలలోని చిట్టెలుక శుభ్రమైన బోనులో పుడుతుంది, ఎంచి ఇచ్చిన మేత తింటుంది, ప్రయోగం నాటి వరకు పురుగు ముఖం ఎరుగదు. టీకా అవసరమైన పల్లెటూరి బిడ్డ తల్లి చంక దిగిన నాటి నుండి పురుగుల మధ్యనే పెరుగుతాడు. ఆ ఎలుక ఈ బిడ్డకు సంపూర్ణమైన ప్రతినిధి ఎలా కాగలదు? చిట్టెలుక అబద్ధం చెప్పలేదు. మనం అడిగిన ప్రశ్నకే సమాధానం చెప్పింది. ఆ సమాధానాన్ని మనిషికి అన్వయించే ముందు మరికొన్ని మెట్లు ఎక్కక తప్పదు.

పశువులలో ఫలించిన టీకాలు

పురుగుల టీకా అసాధ్యమని అనుకోవడం కూడా సరికాదు. పశువుల ఊపిరితిత్తుల పురుగుకు కిరణాలతో బలహీనపరచిన డింభకాల టీకాను గ్లాస్గో శాస్త్రజ్ఞులు రూపొందించగా 1959లో అది వాడుకలోకి వచ్చింది. గొర్రెల రక్తం త్రాగే నట్టలకు 2014లో ఆస్ట్రేలియాలో టీకా వచ్చింది.

మన తెలుగువారికి దగ్గరి ఉదాహరణ మరొకటి ఉన్నది. పంది మాంసం ద్వారా మనిషికి సోకే బద్దెపురుగును అరికట్టడానికి, పందికే ఇచ్చే టీకాను ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు రూపొందించారు. దానిని తయారుచేస్తున్నది హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ. ఈ బద్దెపురుగు గుడ్లు మనిషి కడుపులో చేరినప్పుడు దాని తిత్తులు మెదడులో ఏర్పడి మూర్ఛలకు కారణమవుతాయి. పందిలోనే పురుగును ఆపితే మనిషికి వచ్చే గొలుసు తెగుతుంది. టీకా పందికి, రక్ష మనిషికి. ఒక విధంగా ఇది నిదాన పరివర్జనమే.

బొప్పాయి పాలు: మన మూలికకూ అదే తక్కెడ

ఇక మన ఇంటి వైద్యానికి వద్దాం. వాయువిడంగాలు, మోదుగ గింజలు, బొప్పాయి గింజలు, వేపాకు క్రిమిహరాలని తరతరాలుగా వింటున్నాం. వీటిలో బొప్పాయిని చిట్టెలుకలలో శ్రద్ధగా పరీక్షించారు.

పచ్చి బొప్పాయికాయను గీరితే కారే పాలలో పపెయిన్ వంటి మాంసకృత్తులను జీర్ణం చేసే ద్రవ్యాలు ఉన్నాయి. అవి పురుగు పైపొరను కరిగించి చంపుతాయి. ఆల్బెండజోల్ వంటి మందులు పనిచేసే తీరు వేరు. కనుక మందులకు లొంగని పురుగులపై కూడా ఇవి ఉపకరించవచ్చునన్న ఆశతో పరిశోధన సాగింది. 1995లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో హెలిగ్మోసోమాయిడిస్ సోకిన ఎలుకలకు కిలో బరువుకు 2 నుండి 8 గ్రాముల వరకు బొప్పాయి పాలు ఇచ్చారు. మోతాదు పెరిగిన కొద్దీ ఫలితం పెరిగి, 8 గ్రాముల వద్ద పురుగులు సుమారు 84 శాతం తగ్గాయి.

ఇది చదివి ఎవరూ పచ్చి బొప్పాయి పాలను పిల్లల నోట పోయవద్దు. కిలోకు 8 గ్రాములన్న ఎలుక లెక్కను 20 కిలోల పిల్లవానికి నేరుగా గుణిస్తే 160 గ్రాములవుతుంది. నోటిని, గొంతును పుండు చేసే ఆ ఘాటైన పాలను అంత మోతాదులో ఊహించడమే ప్రమాదం. ఎలుక మోతాదును బరువు లెక్కన మనిషికి మార్చడం శాస్త్రసమ్మతమూ కాదు. కొందరికి బొప్పాయి పాల వలన తీవ్రమైన అలర్జీ వస్తుంది. గర్భిణులు దాని దరిదాపులకు పోరాదు.

బొప్పాయి గింజల విషయంలో ఒక మెట్టు పైకి ఎక్కిన దాఖలా కలదు. 2007లో ప్రచురితమైన నైజీరియా అధ్యయనంలో 60 మంది పిల్లలను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు ఎండిన బొప్పాయి గింజల పొడిని తేనెతోను, రెండవ జట్టుకు తేనె మాత్రమే ఇచ్చారు. ఒక వారం తరువాత మలపరీక్షలో, మొదటి జట్టులోని 30 మందిలో 23 మందికి, రెండవ జట్టులోని 30 మందిలో 5 మందికి పరాన్నజీవులు తొలగినట్లు కనబడింది. ఇది ఆశాజనకమైన ఫలితమే. అయితే 60 మంది పిల్లలు, ఒక్క వారం గడువు అంతిమ నిర్ణయానికి చాలవు.

వాయువిడంగాల గురించి కూడా ఎలుక ఒక హెచ్చరిక చేసింది. వాటిలోని ఎంబెలిన్ అనే ద్రవ్యం ఆడ ఎలుకలలో గర్భధారణను అడ్డగించినట్లు ప్రయోగాలలో తేలింది. కనుక గర్భిణులు, సంతానం కోరే స్త్రీలు విడంగ చూర్ణాన్ని సొంతంగా సేవించరాదు. ఎలుక మాట మనకు అనుకూలమైనప్పుడు ఘనంగా చాటి, ప్రతికూలమైనప్పుడు మరుగుపరచడం వైద్యధర్మం కాదు. బిల్వాక్స్ టీకాను నిలబెట్టి పరీక్షించిన తక్కెడలోనే మన మూలికలనూ తూచాలి. తూగినది నిలుస్తుంది; నిలిచినప్పుడు దాని గౌరవం మరింత పెరుగుతుంది.

ఇంటిల్లిపాదీ పాటించవలసినవి

• పళ్ళు కొరకడం పురుగులకు నిదర్శనం కాదు. మలపరీక్ష చేయిస్తే ఏ పురుగో తెలుస్తుంది.

• బడిలోను, అంగన్‌వాడీలోను ఇచ్చే నులిపురుగుల మాత్రను పిల్లల చేత తప్పక మింగించాలి. మరీ చిన్నవారికి పొడి చేసి నీటిలో కలిపి ఇవ్వాలి. జ్వరంతో ఉన్న పిల్లలకు తగ్గిన తరువాత ఇవ్వవచ్చు.

• మూర్ఛలు వస్తున్నవారికి, మొదటి మూడు నెలల గర్భిణులకు పురుగుల మందు సొంతంగా ఇవ్వరాదు. మెదడులో తిత్తులు ఉన్నవారికి మందు వలన మూర్ఛ అధికం కావచ్చు. వైద్యుని సలహా తప్పనిసరి.

• ఆసనం వద్ద రాత్రిపూట దురద కలిగించే నులిపురుగు ఒకరికి ఉన్నదంటే ఇంటిల్లిపాదీ ఒకే రోజున మందు తీసుకుని, రెండు వారాల తరువాత మరల తీసుకోవాలి. పక్కబట్టలు, లోదుస్తులు వేడినీటిలో ఉతకాలి. గోళ్ళు కత్తిరించాలి.

• కొంకిపురుగు డింభకం వట్టి పాదాల చర్మం గుండా లోపలికి వస్తుంది. పొలానికి, పెరటిలోకి వెళ్ళేటప్పుడు చెప్పులు ధరించాలి.

• ఏలికపాము గుడ్డు మట్టిలో సుమారు రెండు మూడు వారాలు ఉన్న తరువాతనే సోకే శక్తి పొందుతుంది. కనుక మలం మట్టిలో చేరకుండా ఆపడమే అసలు చికిత్స. చంటిబిడ్డ మలాన్ని కూడా మరుగుదొడ్డిలోనే వేయాలి.

• కూరగాయలు, పచ్చిగా తినే ఆకులు మంచినీటితో రెండు మూడు పర్యాయాలు కడగాలి. మాంసాన్ని పూర్తిగా ఉడికించాలి.

• పాలిపోయిన పిల్లవానికి పురుగులు పోయినంత మాత్రాన రక్తం రాదు. మునగాకు, తోటకూర, రాగులు, బెల్లం, పప్పులు ఆహారంలో చేర్చి, అవసరమైతే వైద్యుడు సూచించిన ఇనుము మాత్రలు వాడాలి.

తల్లికి చెప్పవలసిన సమాధానం

“అమ్మా, టీకా కోసం ప్రయత్నం ఆగలేదు. ఎలుకలలో అది ఫలించింది. పశువులలో కొన్ని వాడుకలోకి వచ్చాయి. మనిషి వరకు వచ్చేసరికి పురుగు మరింత జిత్తులమారిగా నిలిచింది. ఆ టీకా వచ్చే రోజు వరకు మాత్ర మానవద్దు. మాత్ర వేశామని చెప్పులు మానవద్దు, చేతులు కడగడం మానవద్దు.”

మొదటి మార్గాన్ని మందు చూసుకుంటుంది. రెండవ మార్గాన్ని శాస్త్రజ్ఞులు వెతుకుతున్నారు. చరకుడు చెప్పిన మూడవ మార్గం ఈ రోజే, ఈ పూటే మన చేతిలో ఉన్నది. పిల్లవాడు ఆడుకుని ఇంట్లోకి రాగానే అన్నానికి ముందు సబ్బుతో చేతులు కడిగించండి. ఏ ప్రయోగశాల అనుమతి కోసమూ ఎదురుచూడనక్కరలేని చికిత్స అది.